లోపాల కేటాయింపు

డీన్ విశ్వపతి గారు ఆ సదస్సుకి వెళ్ళకుండా ఉంటే మయబ్రహ్మ ఇంజనీరింగ్ కళాశాలలో ఫ్యాన్లు ఇప్పటికీ తిరుగుతూ ఉండేవి. కానీ వెళ్ళారు. కొండ మీద చల్లటి ఊళ్ళో, మెత్తటి కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని, ‘చేతులతో నేర్చిందే చదువు’ అన్న విషయం మీద ఆసాంతం ఉపన్యాసాలు విన్నారు. కొండ దిగేసరికి ఆయన వేరే మనిషి.

“ఇంతకాలం మనం విద్యార్థి మెదడును మాత్రమే పీడించాము. ఇకపై హస్తములను సైతం విస్మరించరాదు,” అని అధ్యాపకుల సమావేశంలో ప్రకటించారు.

ప్రిన్సిపాల్ సూర్యప్రభాకరం గారు బల్ల చరిచి ఆమోదించారు. ఏ మాట విన్నా ముందు బల్ల చరిచి, అర్థం తర్వాత కనుక్కోవడం ఆయన పద్ధతి. ఆ విధంగా ‘ప్రత్యక్ష మరమ్మతు ప్రాజెక్టు’ పుట్టింది. ఆఖరి సంవత్సరం చదివే ప్రతి విద్యార్థీ పాడైన వస్తువొకటి తీసుకుని స్వహస్తాలతో బాగుచెయ్యాలి. చెయ్యకపోతే డిగ్రీ లేదు.

ఈ కబురు విని కాలేజీ మొత్తం మీద నిజంగా సంతోషించిన మనిషి ఒక్కతే. మెకానికల్ బ్రాంచిలో చదువుతున్న కడలి నాగదుర్గ.

దుర్గది కోనసీమ. చేతులు కుదురుగా ఉండని పిల్ల. ఎక్కడైనా కిర్రుమని చప్పుడు వినబడితే ఆ చేతులు ముందు అటు వెళతాయి, మనిషి వెనక వెళుతుంది. ఆరో తరగతిలో ఉండగా ఇంట్లో మిక్సీని నట్లూ బోల్టులూ విప్పి చాప మీద ఆరబోస్తే, వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. సాయంత్రానికి దుర్గే మళ్ళీ బిగించేసింది. ఒక స్క్రూ మిగిలిపోయిన మాట నిజమే గానీ, మిక్సీ మునుపటికన్నా బాగా తిరిగింది. అలాంటి పిల్లకి పాడైనవి బాగుచేస్తే మార్కులిస్తామంటే, పిల్లికి పాల కాపలా అప్పగించినట్టే. పైగా పక్క జిల్లాలో పంపులు తయారుచేసే కంపెనీ వాళ్ళు ఆమెకి ఉద్యోగం ఖాయం చేసి, డిగ్రీ రాగానే వచ్చి చేరమన్నారు కూడా.

ప్రకటన వెలువడిన వారంలోగా దుర్గ మెస్సులో మొండికేసిన కరెంటు రుబ్బురోలు తిప్పింది. లైబ్రరీలో ఎప్పుడో ఆగిపోయిన గోడగడియారం కదిలించింది. వర్క్‌షాపులో లెక్చరర్లు తువ్వాళ్ళు ఆరేసుకునే లేత్ మిషనుకి తువ్వాళ్ళు తీసి నూనె పెట్టింది. అది గుర్రుమని లేచేసరికి, అది మిషనని అంతవరకూ తెలియని వాళ్ళు బయటికి పరిగెత్తారు.

మర్నాడు డీన్ గారు పిలిపించారు. మెచ్చుకోవడానికేమో అనుకుని దుర్గ మంచి చున్నీ వేసుకుని వెళ్ళింది.

“కూర్చోవమ్మా. నీ మీద తీవ్రమైన ఆరోపణ వచ్చింది,” అన్నారు విశ్వపతి గారు.

“నేనేం చేశానండీ?”

“బాగుచేశావు.”

డీన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఒక్క వారంలో నీ శాఖకు చెందిన లోపములను దాదాపు అన్నిటినీ హరించివేశావు. ఇక నీ సహాధ్యాయులు దేనిని బాగుచేయవలెను?”

“పాడైపోయినియ్యి బాగవ్వాలనే కదండీ ఇదంతా?”

“అది సామాన్యుల దృష్టి. లోపమనగా ఏమి? ఒక విద్యావనరు. భూమిలో బొగ్గు ఎట్లో, కళాశాలలో లోపము అట్లు. నీవు అనుమతి లేకుండా తవ్వుకుపోయావు.” ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. “పైగా పద్ధతి పాటించలేదు. మొదటి అర్ధసంవత్సరంలో సమస్యను గుర్తించవలెను. రెండవ అర్ధసంవత్సరంలో పరిష్కరించవలెను. గుర్తించిన వెంటనే పరిష్కరించుట అశాస్త్రీయం.”

“ఆ గడియారంలో చెత్త అడ్డుపడిందండీ. తీసేత్తే తిరిగింది. దానికి ఆర్నెల్లు ఏం గుర్తించాలండీ?”

“చెత్త యొక్క స్వభావము!” అన్నారు డీన్ గారు.

ఆ రోజునుంచి కాలేజీలో లోపాలకి కేటాయింపు విధానం వచ్చింది. ఏది పాడైనా సొంతంగా ముట్టుకోకూడదు. దానికి ముందు ఎర్ర స్టిక్కరు అంటిస్తారు: ‘విద్యార్థి ప్రాజెక్టు. బాగుచేయరాదు.’ తర్వాత ర్యాంకు ప్రకారం పంచుతారు. బాగా చదివేవాళ్ళకి ఏసీ మిషన్లు, జనరేటరు వచ్చాయి. మధ్యరకం వాళ్ళకి ఫ్యాన్లు వచ్చాయి. అత్తెసరు మార్కుల వాళ్ళకి కుంటి కుర్చీలు మిగిలాయి. కరెంటు పనిచేసే మేస్త్రి స్టిక్కర్ల వంక చూసి, ఒక నమస్కారం పెట్టి, సెలవు తీసుకుని చెల్లెలి ఊరు వెళ్ళిపోయాడు.

అయినా లోపాలు చాలలేదు. పిల్లలు ఎక్కువ, పాడైనవి తక్కువ. “మన కళాశాలలో వస్తువులు ఇంత నిర్లక్ష్యంగా పనిచేస్తున్నవని నేనెరుగను,” అని విశ్వపతి గారు వాపోయారు. ప్రిన్సిపాల్ గారు బల్ల చరిచారు. వెంటనే ‘లోప కల్పన ఉపసంఘం’ ఏర్పడింది. రెండో ఏడు పిల్లలు ల్యాబు పీరియడులో వస్తువులు పాడుచెయ్యాలి, ఆఖరి ఏడు పిల్లలు వాటిని బాగుచెయ్యాలి. పాడుచెయ్యడానికీ పాతిక మార్కులు పెట్టారు. సుత్తితో బాదితే సున్నా. బయటికి కనబడకుండా పాడుచేస్తే నిండా మార్కులు.

సివిల్ శాఖ పెద్దాయన తమ బ్లాకులో తలుపొకటి విరగ్గొట్టబోయి, అది విరక్క, భుజం పట్టేసి మంచమెక్కారు. ఆ భుజాన్ని ఎవరికి కేటాయించాలన్న చర్చ కూడా కొంతదూరం నడిచింది.

ఇంత పంపకం జరిగినా దుర్గకి మాత్రం ఏమీ రాలేదు. తన వాటాకి మించి ముందే తినేసిందని తీర్మానించారు.

“మరి నా డిగ్రీ ఏమైపోద్దండీ?” అని అడిగింది డీన్ గారిని.

“లోపము లేనిదే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేనిదే డిగ్రీ లేదు. ఏదో ఒకటి నీవే పాడుచేసుకుని తెచ్చుకో, సంతకం చేస్తాను,” అన్నారాయన, తన ఉదారతకి తానే కరిగిపోతూ.

దుర్గ గదికి వచ్చి తలుపు గడియ పెట్టుకుని, తన ఇస్త్రీపెట్టె ముందు కూర్చుంది. ఒక్క వైరు లాగేస్తే చాలు. మూత విప్పింది. లోపల వైరు దగ్గర ఒక స్క్రూ వదులుగా కనబడింది. అది చూస్తూ చూస్తూ వైరు లాగడం ఎలా? ముందు స్క్రూ బిగించింది. అడుగున పేరుకున్న మాడు గీకేసింది. మూత పెట్టి చూస్తే, కొన్ననాటికన్నా వేగంగా కాలుతోంది. మంచమ్మీద కూలబడి ఏడ్చేసింది.

“ఏటే, ఇస్త్రీపెట్టె బాగైపోయిందని ఏడుత్తున్నావా?” అంది గదిలో ఉండే స్నేహితురాలు రోజారమణి.

“పాడుచెయ్యడం రావట్లేదే నాకు.”

“నువ్వెందుకు పనికొత్తావే మరి,” అని రోజా ఆమె తల నిమిరింది.

లేడీస్ హాస్టలు నీళ్ళ మోటారుకి ఎర్ర స్టిక్కరు పడింది అప్పుడే. దాన్ని ఎలక్ట్రికల్ బ్రాంచి ప్రణీత్ అనే కుర్రాడికి కేటాయించారు. అతగాడిది సమస్య గుర్తింపు దశ. ఆ దశ పూర్తయ్యేదాకా ఆడపిల్లలు కింద కుళాయి దగ్గర పట్టుకుని మెట్లమీదుగా నీళ్ళు మోసుకోవాలి. ‘ఇది కూడా హస్తాలతో చేసే పనియే’ అని డీన్ గారు నోటీసు పెట్టించారు. ఒక పొద్దున్న రోజా బకెట్టుతో సహా మెట్లమీంచి జారింది. మడమ బూరెలా పొంగింది.

రోజా కాలికి కట్టు కట్టించి, పడుకోబెట్టి, దుర్గ ఇంకేమీ ఆలోచించలేదు. మోటారులో కాలిపోయిందేమిటో చూసి, టౌనుకి వెళ్ళి కెపాసిటరు కొనుక్కొచ్చింది. మోటారు షెడ్డులో దూరి, కాలిపోయినది పీకేసి కొత్తది తగిలించింది. స్విచ్చి వేసింది. మోటారు ఒకసారి మూలిగి, గొంతు సవరించుకుని, హాయిగా పాట అందుకుంది. పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు విని అలాగే షెడ్డు గోడకి జారబడి కళ్ళు మూసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకి కడుపు నిండినట్టయింది.

విచారణ సాయంత్రానికే మొదలైంది. వార్డెన్ మేడమ్ ఒక చెంబుడు నీళ్ళు సాక్ష్యంగా తెచ్చి బల్లమీద పెట్టారు. ప్రణీత్ అయితే వలవల ఏడుస్తున్నాడు.

“నా స్లైడ్లన్నీ మోటారు తిరగట్లేదనే చెప్తున్నాయి సార్. అది తిరిగేస్తే నేనేమైపోవాలి?”

విశ్వపతి గారు అతణ్ణి ఓదార్చి దుర్గ వైపు తిరిగారు. “లోపమును యథాస్థితికి తెచ్చి ఈ అబ్బాయికి అప్పగించు.”

“నావల్ల కాదండీ.”

“కాలిపోయిన భాగమును తిరిగి బిగించిన చాలును.”

“ఆడపిల్లలు మెట్లమ్మట నీళ్ళు మోత్తన్నారండీ. ఆ చెడిపోయిందాన్ని తీసుకెళ్ళి మళ్ళీ నా చేతుల్తో పెట్టమంటారేటండీ? పెట్టనండీ. డిగ్రీ పోతే పోద్ది.”

నోరు జారిన మాటని ఆమె వెనక్కి తీసుకోలేదు. ప్రిన్సిపాల్ గారు అలవాటుకొద్దీ బల్ల చరిచి, ఎవరి పక్షాన చరిచారో తేల్చుకోలేక చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చివరికి డీన్ గారే మధ్యేమార్గం కనిపెట్టారు. మోటారు తిరిగినా తిరగనట్టే భావించాలి. నీళ్ళు వచ్చినా రానట్టే పరిగణించాలి. హాస్టలు పిల్లలు ఈ షరతుకి సంతోషంగా ఒప్పుకుని, రాని నీళ్ళతో రోజూ తలస్నానాలు చేశారు.

దుర్గకి మాత్రం శిక్ష పడింది. ఆమె ఏ పనిముట్టునూ తాకరాదు. చెంచాతో కూడా స్క్రూ విప్పగలదని ఎవరో చాడీ చెప్పడంతో మెస్సులో ఆమె పళ్ళెం దగ్గర చెంచా కూడా తీసేశారు. పెరుగన్నం చేత్తోనే తింటుంది కాబట్టి ఆ శిక్ష ఆమెకి తెలియనేలేదు.

శీతాకాలం చివర్లో, కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ సంఘం వచ్చింది. సంఘం పెద్ద ప్రొఫెసర్ ఓబుళరెడ్డి గారు, అనంతపురం మనిషి, భారీ విగ్రహం. ఎర్ర స్టిక్కర్లు చూసి, “ఇవేంటివప్పా, గోడలకి అమ్మవారు పోసినట్లుంది?” అన్నారు. ప్రత్యక్షానుభవ విద్య అని డీన్ గారు వివరించి, ఆయన్ని పై అంతస్తులో ప్రదర్శనకి లిఫ్టులో తీసుకెళ్ళారు.

ఆ లిఫ్టు కాలేజీలో సవ్యంగా నడుస్తున్న ఆఖరి యంత్రం. ఆ సంగతి ఉపసంఘం కూడా గమనించి, ముందురోజే తగిన చర్య తీసుకుంది. స్టిక్కరు అంటించే కుర్రాడు మాత్రం జ్వరంతో రాలేదు. లిఫ్టు రెండంతస్తుల మధ్యకి వెళ్ళి ఆగిపోయింది.

ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చారు. లిఫ్టు కేటాయింపు పొందిన జట్టుని పిలిపించారు. వాళ్ళు టై కట్టుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, తలుపు సందులోంచి చూపిస్తూ మొదలుపెట్టారు.

“గౌరవనీయులైన సంఘానికి నమస్కారం. మా ప్రాజెక్టు పేరు, నిలిచిపోయిన లిఫ్టు. సమస్య ఏమనగా, లిఫ్టు నిలిచిపోయింది.”

“అది మాకు తెలుస్తాండాది నాయనా!” లోపల్నించి ఓబుళరెడ్డి గారి గొంతు మోగింది. “ఈడ గాలాడ్తాలేదు. తీయండప్పా!”

“పరిష్కారం రెండవ దశలో వస్తుంది సార్.”

“రెండో దశ ఎప్పుడు?”

“వేసవిలో సార్.”

లోపల ఏదో దబ్బుమని గుద్దిన చప్పుడైంది. గుంపులో ఉన్న రోజా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, “దుర్గకి చెప్పండి సార్, చిటికెలో దింపేద్ది,” అంది. ప్రిన్సిపాల్ గారికి ఆశ పుట్టింది. కానీ దుర్గ మీద నిషేధం ఉంది. నిషేధం ఎత్తాలంటే క్రమశిక్షణ సంఘం కూర్చోవాలి. ఆ సంఘానికి కార్యదర్శి విశ్వపతి గారు. విశ్వపతి గారు లిఫ్టులో ఉన్నారు.

“డీన్ గారూ! సంఘాన్ని సమావేశపరచాలండీ!” అని ప్రిన్సిపాల్ గారు సందులోకి అరిచారు.

“సభ్యులకు మూడు దినములు ముందుగా నోటీసు ఇవ్వవలెను!” అని లోపల్నించి, ఆయాసంతో, అయినా స్పష్టంగా జవాబు వచ్చింది.

“మూడు దినాలా!” అని ఓబుళరెడ్డి గారు గర్జించారు. “నువ్వు నా పక్కనుండావని మర్చిపోయి మాట్లాడ్తాండావు సామీ!”

దుర్గ చేతులు వెనక్కి కట్టుకుని అంతసేపూ గోడవారగా నిలబడి ఉంది. లోపలినుంచి వచ్చే గొంతులు సన్నబడుతుండటం ఆమెకి తెలుస్తోంది. ప్రిన్సిపాల్ గారు నోటీసు ఎవరిచేత టైపు చేయించాలా అని చూస్తున్నారు. ఆమె ఇంక ఎవరి వంకా చూడకుండా మెట్లెక్కి మేడమీద లిఫ్టు గదిలోకి వెళ్ళిపోయింది. మెయిను స్విచ్చి కట్టేసింది. రోజాని కేకేసి బ్రేకు మీట పట్టుకోమని, పెద్ద చక్రాన్ని రెండు చేతులతో కొద్దికొద్దిగా తిప్పింది. లిఫ్టు అంగుళం అంగుళం చొప్పున కిందికి దిగింది. నేలకి సమంగా వచ్చాక కిందికి పరుగెత్తి తలుపు తాళం తిప్పింది. ముందు ఓబుళరెడ్డి గారు, ఆయన చొక్కా పట్టుకుని డీన్ గారు, చెమటలో ఈదుకుంటూ బయటికి వచ్చారు.

ఓబుళరెడ్డి గారు నీళ్ళు తాగి, రొప్పు తగ్గాక అడిగారు. “ఎవురమ్మా నువ్వు? నీ ప్రాజెక్టేంది?”

“నాకు ప్రాజెక్టు లేదండీ. లోపం ఇవ్వలేదండీ.”

“ఇంత పని చేసిన పిల్లకి లోపం ఇయ్యలేదా!” ఆయన కళ్ళెర్రజేశారు. అక్కడికక్కడే నివేదికలో రాయించారు. ఒకటి, ఈ కళాశాలలో ప్రత్యక్షానుభవం మరపురానిది గనుక అత్యున్నత గ్రేడు. రెండు, ఈ విద్యార్థినికి తక్షణం ఒక లోపాన్ని కేటాయించాలి. ఆయన మంచి మనసుతోనే రాయించారు.

ఆజ్ఞ అయితే వచ్చింది గానీ, లోపమే లేదు. ఉన్నవన్నీ పంచేశారు, కల్పించడానికి ఇక వస్తువులూ మిగల్లేదు. విశ్వపతి గారు చాలా ఆలోచించారు. చివరికి ఒకనాడు వెలుగుతున్న ముఖంతో దుర్గని పిలిపించారు.

“దొరికిందమ్మా. మన కళాశాలలో ఎవరికీ కేటాయించని లోపం ఒక్కటే ఉంది. అది నీవు.”

“నేనాండీ?”

“ఏది కనబడినా బాగుచేయుట. అదుపు లేకపోవుట. ఇంతకన్నా స్పష్టమైన లోపమేమి? నిన్ను నీకే కేటాయిస్తున్నాను. నిన్ను నీవు సరిచేసుకుని వేసవి పరీక్షలో నిరూపించు.”

దుర్గ డీన్ గారిచ్చిన ఎర్ర స్టిక్కరుని చున్నీకి అంటించుకుని గదికి వచ్చింది. ఆ వేళ వాళ్ళమ్మ ఫోను చేసి, ఉద్యోగం సంగతి పదిమందికీ చెప్పానని సంబరంగా చెబుతుంటే, ఊఁ కొడుతూ కూర్చుంది. ఆపైన సాధన మొదలుపెట్టింది. కిర్రుమనే తలుపు పక్కనే పుస్తకం తీసి చదివేది. కారుతున్న కుళాయి కింద చెయ్యి పెట్టి, కుళాయి ముట్టకుండా చెయ్యి మాత్రం కడుక్కునేది. రోజా పక్కనుండి, “అది నీ అత్తగారిది అనుకోవే, ఎందుకు బాగుచేత్తావు?” అని ధైర్యం చెప్పేది.

ఎండలు మండే రోజుల్లో పరీక్ష పెట్టారు. విశ్వపతి గారు, ప్రిన్సిపాల్ గారు, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఒకరు బల్లకి అవతల కూర్చున్నారు. బల్లమీద ఒక టేబుల్ ఫ్యాను, పక్కనే స్క్రూడ్రైవరూ, చిన్న నూనె డబ్బా పెట్టారు. పైన ఫ్యాన్లు ఎప్పుడో ఆగిపోయాయి. ఏసీకి స్టిక్కరు ఉంది. స్విచ్చి వెయ్యగానే టేబుల్ ఫ్యాను ఒక చుట్టు మూలుగుతూ తిరిగి, కిర్రుమని ఆగింది.

“గంట కొట్టువరకు ఈ వస్తువును తాకకుండా ఉండవలెను,” అన్నారు డీన్ గారు.

దుర్గ పిడికిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకుంది. రెక్కలు ఆగినా ఫ్యాను లోపల మూలుగుతూనే ఉంది. ఆ మూలుగులో జబ్బు ఎక్కడుందో ఆమె చెవికి తెలిసిపోయింది. కళ్ళు మూసుకుని, వాళ్ళమ్మ గొంతునీ, పంపుల కంపెనీనీ తలుచుకుంది. కిటికీలోంచి వడగాలి కొట్టింది. ప్రిన్సిపాల్ గారి ముఖం కందగడ్డలా అయింది. బయటి పరీక్షకుడు టై వదులు చేసుకుని, తర్వాత విప్పేసి, దానితోనే మెడ తుడుచుకున్నారు. విశ్వపతి గారి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

గంట కొట్టారు. దుర్గ కదల్లేదు.

“అద్భుతం,” అని ముగ్గురూ గబగబా సంతకాలు చేశారు. ‘లోపము సంపూర్ణముగా నివారింపబడినది. పట్టాకు అర్హురాలు.’ పెన్ను మూత పెట్టి, డీన్ గారు గొంతు తగ్గించి, మామూలు మనిషిలా అన్నారు:

“అమ్మాయ్, ఇహ పరీక్ష అయిపోయిందిగా. ఆ ఫ్యాను కాస్త చూద్దూ. ప్రాణం పోతోంది. ఇంకా ముప్పైమంది పరీక్షలున్నాయి మాకు.”

దుర్గ లేచి, మూడు నమస్కారాలు పెట్టింది.

“నాకిప్పుడు ఆ లోపం లేదండీ. మీరే సంతకం పెట్టారు.”

కారిడార్లో రోజా ఎదురుచూస్తోంది. దుర్గ పిడికిళ్ళు విప్పి చూసుకుంటే అరచేతుల్లో గోళ్ళు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. మూసిన తలుపు వెనక ముగ్గురు డాక్టరేట్లు ఫ్యానుని అరచేత్తో బాదుతున్న చప్పుడు వినబడింది. ఒక బాదు. ఇంకో బాదు. ఆ తర్వాత కిర్రుమని నీరసంగా ఒక మూలుగు.

దుర్గ నడక ఆగింది.

“ఇరుసు దగ్గర బుష్ ఎండిపోయిందే,” అంది మెల్లిగా. “ఒక్క చుక్క నూనె చాలు. చెప్పేసి వచ్చేత్తాను.”

అటు ఒక అడుగు వేసింది కూడా. రోజా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లవైపు లాగింది.

“డిగ్రీ లాగేసుకుంటారు. నడవ్వే ముందు!”